ఎడమ ముందుకాలు

గల్ఫ్, గుర్రాల లాయం
12 అక్టోబరు 2001

సోబ్దార్ అన్నయ్యకు మెహ్రాబ్ సలాములు. అమ్మకు, వదినకు నా సలాములు చెప్పు. పిల్లలకు ముద్దులు.

నేను బాగానే ఉన్నాను. ఎండ కాస్త తగ్గింది. అంటే మన ఊళ్ళో మే నెలలో ఉండే ఎండ ఇక్కడ ఇప్పుడు ఉంది. చలికాలం వస్తోందని దీన్నే అంటున్నారు. గుర్రాలకు చల్లగాలి మిషన్లు పెట్టారు, మాకు ఫ్యాను పెట్టారు. గుర్రాలు ఈదడానికి కొలను ఉంది, మాకు బకెట్టు ఉంది. నా గదిలో నాగౌర్ నుంచి వచ్చిన పన్నేసింగ్ అనే అతను ఉంటాడు. మంచివాడు, గురక ఒక్కటే బాధ. "మళ్ళీ పుడితే ఈ లాయంలోనే గుర్రంగా పుడతా" అంటుంటాడు.

అసలు సంగతి రాస్తాను. ఇన్నాళ్ళూ పేడ ఎత్తడం, నీళ్ళు పట్టడమే నా పని. ఇప్పుడు నేను గుర్రం మీద కూర్చునే తీరు చూసి ఖమీస్ అనే మా మేస్త్రీ ఒక కొత్త గుర్రాన్ని అప్పజెప్పాడు. పేరు గజాలా. బూడిద రంగు, నుదుటి మీద తెల్లటి మచ్చ. నిక్కచ్చిగా చెప్పాలంటే మన మార్వాడీ గుర్రాలకున్న ఎత్తు లేదు, మెలితిరిగిన చెవులూ లేవు. కానీ నడక ఉంది అన్నయ్యా, ఇసుక మీద అడుగు వేస్తే దుమ్ము లేవదు. నన్ను చూస్తే చాలు, జేబులు వెతుకుతుంది. ఖర్జూరాలు అలవాటు చేశాను. గజాలా కళ్ళు గుర్తొస్తే పడుకున్నా నిద్రపట్టదు.

ఫిబ్రవరిలో దీన్ని పెద్ద పందెంలో దించుతారట. ఎడారిలో నూట ఇరవై కిలోమీటర్లు, ఒక్క రోజులో. మధ్యమధ్య ఆపి డాక్టర్లు గుండె వేగం చూస్తారు, కుంటుతోందేమో చూస్తారు. బాగుంటేనే మళ్ళీ వదులుతారు. ఇంతకుముందు ఇది ఇంత దూరం వెళ్ళలేదు. నువ్వయితే దీన్ని ఎలా తయారు చేస్తావో రాయి. ఇక్కడ గుండెకు మిషన్లు కడతారు, కాలిని ఎవరూ తడమరు.

మీ తమ్ముడు
మెహ్రాబ్


సోబాలా ధాణీ, జైసల్మేర్ జిల్లా
4 నవంబరు 2001

తమ్ముడు మెహ్రాబ్‌కు దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. గజాలా కళ్ళు, నిద్రపట్టకపోవడం దాకా వచ్చేసరికి అమ్మ చేతిలో సజ్జపిండి అలాగే ఉండిపోయింది. "ఏ ఊరి పిల్ల? మన వాళ్ళేనా?" అంది. మీ వదిన నవ్వి నవ్వి బయటికి పోయింది. గుర్రమే అని నేను ఎంత చెప్పినా నమ్మలేదు. గుర్రానికి ఎవడైనా అలా రాస్తాడా అని నన్నే తిట్టింది. కాబట్టి వచ్చే ఉత్తరంలో అది దాణా తిన్న సంగతీ, లద్దె వేసిన సంగతీ కాస్త రాయి, ఆవిడ మనసు కుదుటపడుతుంది.

ఇక నువ్వు అడిగింది. మొదట నడకే. నువ్వు విసుక్కునేంత నడక. గట్టి నేల మీద ఎక్కువ, మెత్తటి ఇసుకలో తక్కువ, తర్వాత కొద్దికొద్దిగా మార్చు. తిన్నె ఎక్కేటప్పుడు ముందుకు వంగి దాని వీపు మీద బరువు తగ్గించు. దిగేటప్పుడు నువ్వు కూడా దిగి నడువు, నీ కాళ్ళు అరిగిపోవు. అన్నిటికంటే ముందు తయారయ్యేది ఊపిరి. నెల తిరక్కుండానే గుర్రం రొప్పడం మానేస్తుంది. ఎక్కినవాడు మోసపోయేది అక్కడే. కండ పట్టడానికి ఇంకా సమయం కావాలి. కాళ్ళ నరాలు, ఎముకలు గట్టిపడటానికి ఒక్క చలికాలం చాలదు. అందుకే రోజూ పొద్దున జీను వెయ్యకముందే నాలుగు కాళ్ళూ తడుము. ముఖ్యంగా ముందుకాళ్ళలో మోకాలి కింద, వెనకవైపు నరం. ఒక కాలికీ ఇంకో కాలికీ వేడిలో తేడా తెలిస్తే ఆ రోజు జీను లేదు. నాన్న అలా చేసేవాడు, నేనూ అలాగే చేస్తున్నాను.

మా హోటలు వాళ్ళ గుర్రపు సవారీల సీజను మొదలైంది. పోయిన వారం ఫ్రాన్సు వాళ్ళను ఆరు రోజుల సవారీకి తీసుకెళ్ళాను. ఒక పెద్దావిడ జీను మీదే నిద్రపోయింది, గుర్రం దారి తప్పకుండా డేరాల దాకా తీసుకొచ్చింది. ఆవిడకు నేనేదో గొప్ప పనివాణ్ణి అనిపించి చెయ్యి కలిపింది.

ఒక్క మాట. అక్కడ ఎవరితోనూ పెట్టుకోకు. ఇక్కడ వీపు పుండైన గుర్రం కోసం హోటలు మేనేజరు కాలరు పట్టుకున్నావు. న్యాయం నీదే, ఉద్యోగం పోయింది కూడా నీదే. మళ్ళీ అలాంటిది వినకూడదు.

మీ అన్న
సోబ్దార్ ఖాన్


గల్ఫ్
9 డిసెంబరు 2001

అన్నయ్యకు సలాములు.

అమ్మకు చెప్పు: గజాలా పొద్దున, సాయంత్రం బాగా దాణా తింటోంది, లద్దె గట్టిగా, ఆరోగ్యంగా వేస్తోంది, నిన్న నా కాలి బొటనవేలు తొక్కింది. ఇంకా అనుమానం ఉంటే ఫోటో పంపుతాను.

నువ్వు రాసినట్టే చేశాను. తెల్లారకముందే బయల్దేరి నడిపించేవాణ్ణి. మిగతావాళ్ళు నన్ను "అత్తగారి ఊరికి పోతున్న పెళ్ళికొడుకు" అని ఎగతాళి చేశారు. వాళ్ళ గుర్రాలు జీపుల పక్కన దుమ్ము లేపుకుంటూ పోతుంటే మేమిద్దరం నడుచుకుంటూ పోయేవాళ్ళం. అప్పటి ట్రైనరు ముసలాయన, చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. నెలాఖరుకు గజాలా పెద్ద తిన్నె ఎక్కి దిగినా రొప్పడం లేదు. భుజం మీద కండ కనబడుతోంది.

ఇప్పుడు ముసలాయన పోయాడు. కొత్త ట్రైనరు వచ్చాడు, కుర్రవాడు. మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచీ వేలాడుతుంటుంది. గజాలా గుండె లెక్క చూసి నవ్వాడు. ఇంత బాగా ఉన్నదాన్ని ఎందుకు నడిపిస్తున్నావు, దౌడు తీయించు అన్నాడు. ఊపిరి తయారైంది గానీ కాళ్ళు తయారవలేదని ఖమీస్‌తో చెప్పించాను. ఖమీస్ ఏం తర్జుమా చేశాడో తెలియదు. మర్నాడు దౌడు తీయించనన్నాను. వారం రోజులు నన్ను దించేసి పేడ ఎత్తించారు, గజాలాను ఇంకొకడు ఎక్కాడు. వాడు నోరు లాగేస్తాడు. వచ్చేసరికి దాని పెదవి మూల నెత్తురు ఉండేది. వారం తర్వాత మళ్ళీ నాకిచ్చారు. ఇప్పుడు వాళ్ళు చెప్పినట్టే దౌడు తీయిస్తున్నాను, ఎందుకంటే నేను కాకపోతే వాడు ఎక్కుతాడు.

అన్నయ్యా, నాకు తిరిగి వచ్చేయాలని ఉంది. నీతో పాటు సవారీలకు వస్తాను. మేనేజరు కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. నువ్వు సరేనంటే ట్రైనరుతో చెప్పేస్తాను. ఏమంటావో రాయి.

మెహ్రాబ్


సోబాలా ధాణీ
6 జనవరి 2002

మెహ్రాబ్‌కు,

నీ డిసెంబరు ఉత్తరం విప్పి, మళ్ళీ అంటించి ఇచ్చారు. ఇది కూడా ఎవరెవరు చదువుతారో తెలియదు కాబట్టి చూసినవన్నీ రాయను. రోడ్ల నిండా మిలటరీ లారీలు. సరిహద్దు కంచె వైపు పొలాల్లోకి మనుషుల్ని పోనివ్వడం లేదు. మన హాజీ మామ ఒంటె మేతకు పోయి అటు వెళ్ళింది, పేలుడు చప్పుడు ఇక్కడి దాకా వినిపించింది. విదేశాలకు ఫోన్లు ఇక్కణ్ణుంచి కలపడం లేదు.

ఈ పరిస్థితిలో సవారీలకు ఎవరొస్తారు. ఉన్నవాళ్ళు కూడా వెళ్ళిపోయారు. హోటలు మూసేశారు. పోయిన శుక్రవారం గుర్రాలను అమ్మేశారు. లారీ ఎక్కించడానికి నన్నే పిలిచారు, కొత్తవాళ్ళ మాట వినవని. ఎక్కించాను. కొన్నది పెళ్ళి ఊరేగింపుల వాళ్ళు. బ్యాండు మేళాల ముందు నిలబడాలి ఇక అవి.

ఇప్పుడు నేను ఒంటె బండి మీద నీళ్ళు తోలుతున్నాను. ఇల్లు నడుస్తున్నది నీ మీద. నువ్వేమో రావాలని ఉంది అంటున్నావు. ఎక్కడికి వస్తావు? ఏ గుర్రం ఎక్కుతావు?

మెహ్రాబ్, కోపంగా రాస్తున్నానని అనుకో, పర్వాలేదు. నీకు గుర్రం గురించి తెలిసింది చాలా ఉంది, మనుషుల దగ్గర మసలడం తెలియదు. అది వాళ్ళ గుర్రం. వాళ్ళ డాక్టర్లు ఉన్నారు, వాళ్ళ మిషన్లు ఉన్నాయి. దాని కాళ్ళ మంచిచెడ్డలు చూసుకోవడం వాళ్ళ పని. నువ్వు నోరు మూసుకుని వాళ్ళు చెప్పింది చెయ్యి. ఎక్కమంటే ఎక్కు, దిగమంటే దిగు. ఈసారి గొడవపడి పని పోగొట్టుకుని వస్తే నా ఇంటికి రావద్దు.

అమ్మకు ఇవేవీ చదివి వినిపించలేదు. ఆవిడ మాత్రం ఫోటో పంపమంటోంది.

సోబ్దార్


గల్ఫ్
10 జనవరి 2002

అన్నయ్యకు సలాములు.

నా డిసెంబరు ఉత్తరానికి ఇంకా జవాబు రాలేదు. అక్కడి సంగతులు రేడియోలో వింటున్నాం. మీరంతా ఎలా ఉన్నారో అని భయంగా ఉంది. జవాబు కోసం ఆగకుండా ఇది రాస్తున్నాను, తొందర పని.

గజాలా ఎడమ ముందుకాలు. మోకాలికి కాస్త కింద, వెనక. మొదట అనుమానంగా వేడి తగిలింది. కుడికాలు పట్టుకుని చూశాను, మళ్ళీ ఎడమది పట్టుకున్నాను. తేడా ఉంది. ఇప్పుడు వేలితో నొక్కితే నరం మీద చిన్న ఉబ్బు తగులుతోంది, కందిగింజంత. నొక్కినప్పుడు కాలు లాక్కుంటుంది. నడకలో కుంటడం లేదు. దౌడులో మలుపు తిరిగేటప్పుడు ఒక్క అడుగు తడబడుతుంది, పైన కూర్చున్నవాడికి తప్ప తెలియదు.

ఖమీస్‌కు చెప్పాను. డాక్టరు వచ్చి చూశాడు, మిషనుతో ఫోటో తీశాడు. ఏమీ ఫర్వాలేదన్నాడట. కానీ పందేనికి ముందు సూది వేస్తారని పన్నేసింగ్ విన్నాడు. ఆ సూది వేస్తే కాలికి నొప్పి తెలియదట. నయం కాదు, తెలియదు, అంతే. అలా చేయడం ఇక్కడ కూడా తప్పే, దొరికితే శిక్ష ఉంది. దొరక్కుండా చేసేవాళ్ళు ఉంటారట.

పందెం ఫిబ్రవరి పదిహేనున. నేనే ఎక్కాలి. నేను కాదంటే పెదవి చింపినవాడు ఎక్కుతాడు. నేనయితే కనీసం వెనక్కి లాగుతూ నెమ్మదిగా తీసుకుపోగలనేమో. ఏం చేయాలో తోచడం లేదు. నువ్వు చెప్పు. నువ్వు ఏం రాస్తే అది చేస్తాను. లాయం ఆఫీసు ఫోను నంబరు వెనకవైపు రాశాను, వీలైతే ఎక్కణ్ణుంచైనా చెయ్యి.

మెహ్రాబ్


జోధ్‌పూర్
9 ఫిబ్రవరి 2002

మెహ్రాబ్,

నీ ఉత్తరం మొన్న చేతికొచ్చింది. అంతకుముందు నేను రాసిన ఉత్తరం నీకు అంది ఉంటే దాన్ని చింపి పారెయ్యి. నీ ఉత్తరం చూడకుండా రాసింది అది.

ఎక్కవద్దు. నువ్వూ ఎక్కవద్దు, ఇంకొకణ్ణీ ఎక్కనివ్వద్దు. ఉబ్బు ఉన్న నరం మీద దౌడు తీయిస్తే ముందు నరం తెగుతుంది, తర్వాత బరువంతా ఎముక మీద పడుతుంది. నొప్పి తెలిసిన గుర్రం తనను తాను కాపాడుకుంటుంది, కాలు తేలిగ్గా వేస్తుంది, ఆగిపోతుంది. నొప్పి తెలియకపోతే విరిగేదాకా పరుగెత్తుతుంది. కింద పడేది అదొక్కటే కాదు, నువ్వు కూడా. యజమాని దగ్గరికే వెళ్ళు. గేటు దగ్గర కూర్చో. పందెం డాక్టర్ల దగ్గరికి వెళ్ళి చెప్పు. పని పోతే పోనీ. ఇంటికి వచ్చెయ్యి. నేను రావద్దన్న మాట నిజం కాదు.

ఫోను కోసం నిన్న బస్సెక్కి ఇక్కడికి వచ్చాను. నువ్వు రాసిన నంబరుకు చాలాసార్లు చేశాను. ఒకసారి ఎవరో ఎత్తారు. నీ పేరు చెప్పాను, మళ్ళీ మళ్ళీ చెప్పాను. అతను వాళ్ళ భాషలో ఏదో అని పెట్టేశాడు. ఫోను బూతు కుర్రవాడు ఇక లాభం లేదన్నాడు. ఇది తొందర పోస్టులో వేస్తున్నాను. ఇక్కణ్ణుంచి వేస్తే మిలటరీ వాళ్ళు ఆపరని చెప్పారు.

ఎక్కవద్దు.

సోబ్దార్


గల్ఫ్
27 ఫిబ్రవరి 2002

సోబ్దార్ భాయికి నాగౌర్ పన్నేసింగ్ రామ్ రామ్. మెహ్రాబ్ చెబుతుంటే నేను రాస్తున్నాను. అతని చెయ్యి కాస్త బెణికింది, కలం పట్టలేకపోతున్నాడు. కంగారుపడవలసింది ఏమీ లేదు.

మెహ్రాబ్ చెబుతున్నది: అమ్మకు, అన్నయ్యకు, వదినకు సలాములు. పందెం అయిపోయింది. నీ ఉత్తరం పందేనికి ముందే అందింది. నువ్వు చెప్పినట్టే చేశాను. గజాలా ఇక పరుగెత్తదు. నాకు ఇప్పుడు ఎక్కే పని లేదు. డబ్బు పంపడం ఒకటి రెండు నెలలు ఆలస్యం కావచ్చు, ఏమీ అనుకోవద్దు. అక్కడ మిలటరీ సంగతి ఎలా ఉంది? కంచె వైపు పోవద్దు. హాజీ మామ ఒంటె సంగతి విని బాధపడ్డాను.

భాయీ, ఇంతే చెప్పాడు. ఇంకా ఏమైనా రాయనా అని అడిగాను, వద్దన్నాడు.

పన్నేసింగ్


సోబాలా ధాణీ
24 మార్చి 2002

ప్రియమైన తమ్ముడు మెహ్రాబ్‌కు, అన్న గుండె నిండా దీవించి రాస్తున్నది.

నీ ఉత్తరం వచ్చింది. జోధ్‌పూర్‌లో వేసిన నా ఉత్తరం సమయానికి అందిందన్నమాట. ఆ తొందర పోస్టు కుర్రవాడికి నేను సలాం చెయ్యాలి. నువ్వు నేను చెప్పినట్టే చేశావు, గజాలా ఇక పరుగెత్తదు. ఈ రెండు ముక్కలు ఎన్నిసార్లు చదువుకున్నానో. నేను జనవరిలో రాసింది తలచుకుని అన్నం సయించేది కాదు. ఇప్పుడు తేలికగా ఉంది.

నిన్ను దించేసి పేడ పనికి పెట్టారని అర్థమైంది. పెట్టనీ. డబ్బు ఆలస్యమైనా మేం ఎలాగో గడుపుకుంటాం. చెయ్యి ఎలా బెణికింది? ఖమీస్ కాలరు పట్టుకున్నావా ఏమిటి? పట్టుకున్నా ఈసారి నేనేమీ అనను. మా తమ్ముడు గల్ఫులో యజమానుల మాట కాదని గుర్రాన్ని కాపాడాడని నమాజు అయ్యాక అందరికీ చెప్పాను. హాజీ మామ ఒంటె పోయిన దుఃఖంలో కూడా నవ్వి, "వాడు మీ నాన్న పోలిక, నువ్వు కాదు" అన్నాడు. నేను ఒప్పుకున్నాను.

గజాలాను పిల్లల్ని ఈనడానికి ఉంచుకుంటారా? అలా అయితే మంచిదే. కాలికి పొద్దున, సాయంత్రం చల్లటి నీళ్ళు పట్టు. ఆరు నెలలు మెత్తటి ఇసుకలోకి పోనివ్వకు.

అమ్మ అడుగుతోంది, నీ అక్షరాలు ఎందుకు మారాయని. ఆవిడకు చదవడం రాదు గానీ కాగితం మీద నీ రాత ఎలా ఉంటుందో తెలుసు. చెయ్యి బాగయ్యాక రెండు ముక్కలు నువ్వే రాయి.

మీ అన్న
సోబ్దార్


గల్ఫ్, ఆసుపత్రి
20 ఏప్రిల్ 2002

అన్నయ్యకు,

ఇది నేనే రాస్తున్నాను. పడుకుని రాస్తున్నాను కాబట్టి వంకరగా ఉంది. అమ్మకు ముందు నువ్వు చదువుకో. ఆమెకు ఏం చెప్పాలో నువ్వే చూసుకో.

పందేనికి ముందు నాకు అందింది నీ జనవరి ఉత్తరం. జోధ్‌పూర్‌లో వేసింది నేను ఆసుపత్రిలో ఉండగా వచ్చింది. పన్నేసింగ్ చదివి వినిపిస్తూ మధ్యలో ఆపేశాడు. మిగతాది తర్వాత నేను చదువుకున్నాను. నీకు నిజం రాయకూడదనే అనుకున్నాను. కానీ నువ్వు నమాజు దగ్గర అందరికీ చెప్పానని రాశావు. ఇంకా దాస్తే నువ్వు నన్ను పొగుడుతూనే ఉంటావు, నేను భరించలేను.

పందెం రోజు పొద్దున దాని కాలు పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఐసు పెట్టి ఉంచారు. "కాలు బాగాలేదు" అన్నాను ఖమీస్‌తో. "ఇప్పుడు బానే ఉందిగా, ముట్టుకున్నావుగా. ఎక్కు" అన్నాడు. ఉబ్బు మీద నొక్కాను. అది కాలు లాక్కోలేదు. గడ్డి నములుతూ నిలబడింది. అప్పుడే తెలిసింది సూది వేశారని. ఎక్కాను.

డాక్టర్ల ముందు ఎంత బాగా నడిచిందో చెప్పలేను. ఆ తడబాటు కూడా లేదు. నేను వెనక్కి లాగి పట్టుకున్నాను, కానీ పక్కన జీపులు హారన్లు మోగిస్తూ, కిటికీల్లోంచి అరుస్తూ ఉంటే అది ఆగే గుర్రం కాదు. దానికి తన కాలు మంచిదే అనిపిస్తోంది కదా. చివరి చుట్టులో, ఊరికే చదునైన నేల మీద విరిగింది. అంత మోతలో కూడా ఆ చప్పుడు విన్నాను. నేను కింద, అది నా మీదుగా దొర్లింది.

తర్వాతది రాయకుండా ఉందామనుకున్నాను. రాస్తాను. అది లేచింది. లేచి విరిగిన కాలు కూడా నేలకు ఆనించింది. డెక్క పక్కకు తిరిగిపోయి ఉంది, ఎముక మీద నిలబడింది. అరవలేదు. ముందు పోతున్న గుర్రాల వైపు చెవులు నిక్కించి చూసింది. వాటి వెనకాల పోవాలని రెండు అడుగులు వేసింది అన్నయ్యా, ఆ కాలితోనే. మూడోది పడలేదు. వెనక్కి తిరిగి నన్ను చూసింది, ఎందుకు ఎక్కడం లేదా అన్నట్టు. నేను లేవలేను. మనుషులు వచ్చి చుట్టూ గుడ్డలు అడ్డం పట్టుకున్నారు. నేను గుడ్డలకు లోపలివైపే ఉన్నాను. దానికి ఆఖరి సూది వేసేదాకా అంతా చూశాను.

నాకు తుంటి ఎముక, తొడ ఎముక విరిగాయి. లోపల ఇనుప కడ్డీలు వేశారు. ఎడమకాలు కాస్త పొట్టిదవుతుందట. జీను మీద కూర్చోవడం ఇక కుదరదని డాక్టరు చెప్పాడు. చేతికి ఏమీ కాలేదు. పన్నేసింగ్ చేత రాయించింది నా రాత చూసి నువ్వు కనిపెడతావని.

నీ ఉత్తరం వల్లే ఎక్కానా అని నువ్వు అడుగుతావు. అబద్ధం చెప్పను. అది చదివినప్పుడు నాకు కోపం రాలేదు, హాయిగా అనిపించింది. అప్పటిదాకా ఏం చేయాలా అని తిండి లేదు, నిద్ర లేదు. ఎక్కమంటే ఎక్కు అని నువ్వు రాశావు. ఇక నేను ఆలోచించక్కర్లేదు అనుకున్నాను. కానీ ఆ రోజు పొద్దున కాలు నొక్కినప్పుడు దగ్గర ఉన్నది నువ్వు కాదు, నేను. నువ్వు ఎక్కవద్దని రాసినా ఎక్కేవాణ్ణేమో. ఆ పెదవి చింపినవాడి మీద నెపం పెట్టి ఎక్కేవాణ్ణేమో. నాకే తెలియదు. ఎంత ఆలోచించినా తెలియడం లేదు.

గుర్రం అడుగు తప్పు వేసి పడిందని రాసిన కాగితం మీద వేలిముద్ర వేయమన్నారు. సంతకం చేయడం వచ్చు అన్నాను, చేయలేదు. ఇంటికి పంపేస్తామంటున్నారు. మే నెలాఖరుకు ఢిల్లీ విమానం ఎక్కిస్తారు. తర్వాత ఎలా రావాలో నాకు తెలియదు.

మెహ్రాబ్


సోబాలా ధాణీ
14 మే 2002

మెహ్రాబ్‌కు,

నేను నీళ్ళ బండి మీద ఉండగా పోస్టుమాన్ నీ ఉత్తరం ఇచ్చాడు. చదివాను. ఒంటె ఎటు తీసుకుపోతే అటు పోయాను. నీళ్ళు పోయాల్సిన ఇళ్ళు దాటి చాలా దూరం పోయాక తెలిసింది.

జనవరిలో ఆ మాటలు రాసింది నేను. "నీ తప్పేమీ కాదు అన్నయ్యా" అని నువ్వు రాయనందుకు మంచిదైంది. రాసి ఉంటే నేను నమ్మేవాణ్ణి. దాని గురించి ఇక్కడితో ఆపుతాను. నువ్వు వచ్చాక తిట్టాలనిపిస్తే తిట్టు, అనిపించకపోతే ఊరుకో.

మర్నాడు శుక్రవారం. నమాజు అయ్యాక నిలబడి, మార్చిలో నేను చెప్పింది అబద్ధమని చెప్పాను. మెహ్రాబ్ గుర్రం ఎక్కాడు, నేను ఎక్కమన్నాను, గుర్రం చచ్చిపోయింది, వాడి కాలు పాడైంది అన్నాను. హాజీ మామ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

అమ్మకు ఏం చెప్పాలని రెండు రోజులు తిరిగాను. నీ రాత చూసి సంతోషపడి, చదవమని వెంటపడింది. చివరికి అంతా చదివాను, ఒక్క ముక్క వదలకుండా. గుర్రం వెనక్కి తిరిగి చూసిన దగ్గర ఆపుదామనుకున్నాను, "చదువు" అంది. అయ్యాక ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. లేచి పొయ్యి దగ్గరికి పోయి, మళ్ళీ వచ్చింది. "వాడు పక్కకు తిరిగి పడుకోగలడా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. "మరి అది అడగలేదేం?" అంది.

ఇది తొందర పోస్టులో వేస్తున్నాను. ఢిల్లీకి నేనే వస్తున్నాను. ఎప్పుడూ వెళ్ళలేదు, కానీ జోధ్‌పూర్ నుంచి రైలు ఉందట. విమానం ఏ రోజో తెలియగానే పన్నేసింగ్‌ను టెలిగ్రాం ఇవ్వమను. రోజు తెలియకపోతే నెలాఖరు నుంచీ అక్కడే బయట ఉంటాను. చక్రాల కుర్చీ ఇస్తారో ఇవ్వరో, ఇవ్వకపోతే ఎత్తుకుంటాను. ఎక్కడా దిగి నడుద్దామని పౌరుషం చూపించకు.

వడ్రంగి సుతార్ రాణారాం మంచం చేస్తున్నాడు. మన నులక మంచం మరీ కిందికి ఉంటుంది, దాని మీద నుంచి నువ్వు లేవలేవు. కోళ్ళు ఎత్తుగా పెట్టమన్నాను. ఎంత ఎత్తు అని రోజూ అడుగుతున్నాడు. ఎడమకాలు ఎంత వంగుతుందో, మోకాలు మడిచి కూర్చోగలవో లేదో రాయి. పక్కకు తిరిగి పడుకోగలవా, వెల్లకిలా మాత్రమేనా? అది కూడా రాయి, దాన్నిబట్టి నులక బిగిస్తాను.

సోబ్దార్